బరువు తగ్గించే ఇంజెక్షన్లు, మన ఒంటి మీద మాటలు: తరచుగా అడిగే ప్రశ్నలు

2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ, డిసెంబరులో ఓజెంపిక్ మన మెడికల్ షాపుల్లోకి వచ్చాయి. అప్పటి నుంచి పెళ్లి భోజనాల దగ్గర, ఆఫీసు క్యాంటీన్లలో, వాట్సాప్ గ్రూపుల్లో ఇదే చర్చ. మందు ఎలా పనిచేస్తుందని అడిగే ప్రతి మనిషి ప్రశ్నలోనూ "నలుగురూ ఏమనుకుంటారో" అన్న బెంగ కూడా కలిసి ఉంటోంది. అందుకే ఇక్కడ రెండింటికీ జవాబులు రాశాను. ఇది చదివి మందు మొదలుపెట్టకండి, వాడుతుంటే ఆపేయకండి. ఆ నిర్ణయం మిమ్మల్ని చూసే డాక్టరుతో మాట్లాడి తీసుకోండి.

పేర్లన్నీ కలిసిపోతున్నాయి. అసలు ఇవి ఎన్ని మందులు?

ఇప్పుడు అందరూ మాట్లాడుకునేవి ముఖ్యంగా రెండు. ఒకటి సెమాగ్లుటైడ్. షుగర్ కోసం అమ్మితే దాని పేరు ఓజెంపిక్, బరువు కోసం అమ్మితే వెగోవీ. ఇదే మందు రైబెల్సస్ పేరుతో మాత్రగా 2022 నుంచే మన దగ్గర షుగర్ పేషెంట్లకు దొరుకుతోంది. రెండోది టిర్జెపటైడ్, అంటే మౌంజారో. ఇంజెక్షన్లు వారానికి ఒకసారి పొట్ట మీదో తొడ మీదో చర్మం కింద వేసుకునేవి.

ఆకలిని చంపేస్తాయటగా?

తిన్న తర్వాత మన పేగులు జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను విడుదల చేస్తాయి. అది ఇన్సులిన్ రావడానికి సాయపడుతుంది, పొట్ట ఖాళీ అవడాన్ని కాస్త ఆలస్యం చేస్తుంది, "ఇక చాలు" అని మెదడుకు చెబుతుంది. కానీ నిమిషాల్లోనే కరిగిపోతుంది. ఈ మందులు దానిలాగే పనిచేస్తూ రోజుల తరబడి ఒంట్లో నిలిచేలా తయారైనవి. టిర్జెపటైడ్ దీనితో పాటు జీఐపీ అనే ఇంకో హార్మోన్ పనిని కూడా చేస్తుంది. ఈ కోవలో మొదటి మందు 2005లో వచ్చిన ఎక్సెనటైడ్. అమెరికా ఎడారుల్లో ఉండే గీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో దొరికిన పదార్థం దానికి ఆధారం.

వాడినవాళ్లు చెప్పే మార్పు ఆకలి తగ్గడం ఒక్కటే కాదు. టిఫిన్ తింటూనే మధ్యాహ్నం ఏం తినాలో, ఫ్రిజ్‌లో ఇంకా ఏముందో అని తలలో తిరుగుతూ ఉండే ఆలోచన సద్దుమణుగుతుందని అంటారు. దాన్నే ఫుడ్ నాయిస్ అంటున్నారు. ఆ గోల ఎప్పుడూ లేనివాళ్లకు ఇది అర్థం కావడం కష్టం.

ఎంత బరువు తగ్గుతారు?

వెగోవీ డోసు మీద జరిగిన పెద్ద పరిశోధనలో 68 వారాలకు సగటున 14.9 శాతం తగ్గారు. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లు 2.4 శాతం తగ్గారు. రెండు గుంపులకూ ఆహారం, వ్యాయామం విషయంలో సలహాలు ఒకేలా ఇచ్చారు. టిర్జెపటైడ్ 15 మి.గ్రా. డోసుతో 72 వారాలకు సుమారు 21 శాతం తగ్గారు. అంటే 90 కిలోల మనిషి ఏడాదిన్నరలో 13 నుంచి 19 కిలోల దాకా తగ్గొచ్చు. ఇవి సగటులు. కొందరు ఇంతకన్నా బాగా తగ్గుతారు, కొందరికి దాదాపు ఏమీ కాదు. రెండో రకం వాళ్లను "మందు వేసుకున్నా తగ్గలేదు, ఇంకెంత తింటోందో" అనడం పచ్చి అన్యాయం.

నోరు కట్టుకుంటే పోయేదానికి ఇంజెక్షన్ ఎందుకు?

అందరికన్నా ఎక్కువమంది అడిగేది ఇదే, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేదీ ఇదే. ఈ మాట అనేవాళ్లలో చెడ్డవాళ్లు తక్కువ. వాళ్ల ఒంట్లో జరిగిందే అందరి ఒంట్లోనూ జరుగుతుందని అనుకుంటారు, అంతే.

బరువు తగ్గడం చాలామంది చేయగలరు. తగ్గిన బరువును నిలబెట్టుకోవడం దగ్గర శరీరం ఎదురుతిరుగుతుంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పరిశోధకులు 50 మందికి పది వారాలు చాలా తక్కువ క్యాలరీల ఆహారం ఇచ్చి బరువు తగ్గించారు. ఏడాది తర్వాత చూస్తే ఆకలి పెంచే హార్మోన్లు ఇంకా ఎక్కువగానే ఉన్నాయి, కడుపు నిండిందని చెప్పేవి ఇంకా తక్కువగానే ఉన్నాయి. 2011లో ఈ ఫలితాలు వచ్చాయి. 2016లో ఇంకో పరిశోధన వచ్చింది. అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించారు. వాళ్లలో ఎక్కువమందికి పోయిన బరువులో చాలా భాగం తిరిగొచ్చేసింది. అంతకన్నా పెద్ద విషయం, వాళ్ల శరీరాలు విశ్రాంతిగా ఉన్నప్పుడు అదే బరువున్న మనిషి ఖర్చు చేయాల్సిన దానికన్నా రోజుకు సుమారు 500 క్యాలరీలు తక్కువ ఖర్చు చేస్తున్నాయి. అంటే ఒక పూట భోజనం మానేసినా వాళ్లు ఉన్నచోటే ఉంటారు. అలాంటివాళ్లకు "కాస్త నోరు కట్టుకో" అని చెప్పేముందు ఆలోచించాలి.

దీనికి మన ఇళ్ల సంగతి కూడా కలపండి. అందరికీ వడ్డించి చివర్లో తినే ఇల్లాలు మిగిలిపోయిన అన్నం పారేయలేక తానే తినేస్తుంది. ఆవిడ పొద్దున్నే నడవడానికి వెళ్తే "ఇంట్లో పని వదిలేసి షికారా" అంటారు. గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేసే కుర్రాడు తెల్లవారుజామున మూడింటికి దొరికిందే తింటాడు. వీళ్లకు లేనిది మనోబలమా, వెసులుబాటా?

థైరాయిడ్ మాత్ర వేసుకునే మనిషిని ఎవరూ ఇలా నిలదీయరు. ఊబకాయాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ మళ్లీ మళ్లీ తిరగబెట్టే దీర్ఘకాలిక జబ్బుగా చూస్తోంది. 2025 డిసెంబరులో ఈ మందులపై ఇచ్చిన మార్గదర్శకాల్లో పెద్దవాళ్లకు దీర్ఘకాలం వాడవచ్చని షరతులతో చెప్పింది. ఆహారం, వ్యాయామం విషయంలో గట్టి సాయం కూడా పక్కన ఉండాలని అంది. తిండి మార్చుకోవడం, నడవడం వృథా అని నేను అనడం లేదు. బరువు తగ్గకపోయినా నడకతో బీపీ, షుగర్ మెరుగవుతాయి. అవి చేసి కూడా తగ్గనివాళ్లను సోమరులని అనకూడదని అంటున్నాను.

సరే, మందుతో తగ్గి "నేనే కష్టపడి తగ్గాను" అని చెప్పడం మోసం కాదా?

మీరు ఏ మందు వాడుతున్నారో ఊరందరికీ చెప్పాల్సిన పని లేదు. బీపీ మాత్రకు ఉన్న గోప్యతే దీనికీ ఉంది. కానీ డబ్బు తీసుకుని డైట్ ప్లాన్ అమ్మేవాళ్లు, తమ ఒంటినే చూపించి పొడులూ టీలూ ప్రచారం చేసేవాళ్లు మందు వాడిన సంగతి దాస్తే అది మోసమే. ఆ ఫొటో చూసి ఇంట్లో కూర్చుని ఏడ్చే పిల్లలుంటారు.

అమెరికాలో ఈ చర్చ మనకన్నా ముందు మొదలైంది. దశాబ్దాల పాటు తన బరువు గురించి టీవీలో అందరిముందూ మాట్లాడిన ఓప్రా విన్‌ఫ్రే, 2023 డిసెంబరులో తాను మందు వాడుతున్నానని చెప్పారు. 2025 ఆగస్టులో టెన్నిస్ తార సెరెనా విలియమ్స్ కూడా చెప్పారు. అంత కసరత్తు చేసిన మనిషికి కూడా ప్రసవాల తర్వాత బరువు లొంగలేదంటే, సోమరితనం అన్న మాటకు అర్థమేముంది? అక్కడి ప్యూ అనే సర్వే సంస్థ 2024లో జనాన్ని అడిగినప్పుడు, ఈ మందుల గురించి విన్నవాళ్లలో 53 శాతం మంది ఊబకాయం లేదా బరువు వల్ల వచ్చే జబ్బు ఉన్నవాళ్లకు ఇవి మంచివేనన్నారు. జబ్బేమీ లేకుండా సన్నబడాలనుకునేవాళ్లకు మంచివన్నది 12 శాతమే. ఆ తేడా నాకు సబబుగానే అనిపిస్తుంది.

మూడు నెలల్లో పెళ్లి. 64 కిలోలున్నాను, పది కిలోలు తగ్గాలంటున్నారు. వేసుకోవచ్చా?

అంటున్నది ఎవరు? డాక్టరా, కుట్టించే బ్లౌజు కొలతలు చూసిన పిన్నిగారా, పెళ్లికొడుకు తరపువాళ్లా?

ఈ మందు డోసు నెలనెలా మెల్లగా పెంచుతారు. వెగోవీ పూర్తి డోసుకు చేరడానికే నాలుగు నెలలు పడుతుంది. మొదటి నెలల్లోనే వికారం, వాంతులు ఎక్కువ. పెళ్లి పనుల మధ్య, ఉపవాసాల మధ్య అది పెట్టుకోవడం ప్రమాదం. పెళ్లైన వెంటనే పిల్లల్ని కనాలనుకుంటే ఇంకో చిక్కు ఉంది: సెమాగ్లుటైడ్‌ను గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ అయితే గర్భనిరోధక మాత్రల పనిని తగ్గించగలదు, కాబట్టి మొదలుపెట్టినప్పుడు, డోసు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాల పాటు వేరే జాగ్రత్త కూడా కావాలి. కాబోయే పెళ్లికూతుళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పడం లేదు.

పెళ్లిచూపుల్లో "అమ్మాయి కాస్త బొద్దుగా ఉంది" అన్న ఒక్క మాటతో సంబంధం తప్పిపోయిన ఇళ్లు మనకు తెలుసు. అబ్బాయి పొట్ట గురించి అదే గదిలో ఎవరూ మాట్లాడరు. ఆ మాటకు మందు ఇంజెక్షన్‌లో లేదు. మీ ఎత్తుకు మీ బరువు సరిపోతే ఏ మంచి డాక్టరూ చీటీ రాయరు, రాస్తే ఇంకో డాక్టరును చూడండి. ఇంట్లో ఒక్కరు, ముఖ్యంగా నాన్నో అన్నయ్యో, "మా అమ్మాయి ఇలాగే ఉంటుంది" అని గట్టిగా అంటే చాలా మారుతుంది.

మా నానమ్మ "చిక్కిపోయావే" అంటుంది, అత్త "లావయ్యావే" అంటుంది. ఎవరిని నమ్మాలి?

నానమ్మ కాలంలో ఒళ్లు చేయడమంటే ఇంట్లో తిండికి లోటు లేదని. కాన్పయిన పిల్ల పుట్టింటి నుంచి సన్నగా వెళ్తే ఆ ఇంటికి నామోషీ. ఆకలి గుర్తున్న తరం అది. ఆ ఆకలి ఇంకా పోలేదు కూడా: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని ఆడవాళ్లలో దాదాపు 19 శాతం ఉండాల్సిన దానికన్నా తక్కువ బరువు, 24 శాతం ఎక్కువ బరువు. ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కువ బరువున్న ఆడవాళ్లు 36 శాతం. ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో రెండూ ఉంటాయి.

నమ్మాల్సింది టేపును, రక్తపరీక్షను.

ఆ టేపు లెక్క ఏమిటి? బీఎంఐ చాలదా?

బీఎంఐ అంటే ఎత్తుకు బరువు ఎంత సరిపోతుందో చెప్పే అంకె. అది మొదటి అంచనాకు పనికొస్తుంది. భారతీయులకు హద్దులు తక్కువ: 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. పాశ్చాత్యులకు ఆ అంకెలు 25, 30. కారణం మన కొవ్వు పొట్ట చుట్టూ, కాలేయంలో చేరడం. 2004లో పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ ఒక వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటో వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నని చేతులు, కాళ్లు, ముందుకొచ్చిన పొట్ట ఉన్న మన మగవాళ్లు "నేనేం లావు కాదు" అనుకుంటూ షుగర్ తెచ్చుకునేది అందుకే. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే షుగర్, బీపీ, కొలెస్ట్రాల్, కాలేయం చూపించుకోండి.

లావుగా కనిపించే మనిషికి రిపోర్టులన్నీ బాగుండొచ్చు. ఎవరూ ఏమీ అనని మనిషికి ఫ్యాటీ లివర్ ఉండొచ్చు. వేళాకోళం ఒకరికి, జబ్బు ఇంకొకరికి.

ఇంతకుముందు వచ్చిన మందుల్లాగే ఇవీ నిషేధిస్తారేమో?

ఆ భయానికి కారణం ఉంది. అమెరికాలో బరువు తగ్గడానికి విపరీతంగా వాడిన ఫెన్-ఫెన్ అనే రెండు మందుల జోడీలోని ఒక మందును గుండె కవాటాలు పాడవుతున్నాయని 1997లో వెనక్కి తీసుకున్నారు. రిమోనబంట్ డిప్రెషన్ తెచ్చిపెడుతోందని 2008లో ఐరోపాలో ఆగిపోయింది. సిబుట్రమిన్‌ను గుండె ప్రమాదం వల్ల 2010లో అమెరికా, ఐరోపా, 2011లో మన దేశం ఆపేశాయి. మన దగ్గర మందులకు బయట కూడా ఎన్నో వచ్చిపోయాయి. 2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన డైట్ కోసం తెలుగు ఊళ్లలో సభలకు జనం పోటెత్తారు, కొబ్బరి నూనె, నిమ్మకాయల లెక్కలు ప్రతి ఇంట్లో వినిపించాయి. కొందరు తగ్గారు, చాలామంది కొనసాగించలేకపోయారు.

జీఎల్‌పీ-1 మందుల తేడా ఏమిటంటే, షుగర్ పేషెంట్లలో ఇరవై ఏళ్ల వాడకం వెనక ఉంది. గుండె విషయంలో పాత మందులకు పూర్తి వ్యతిరేకంగా, 2023లో వచ్చిన 17,604 మంది పరిశోధనలో, గుండెజబ్బు, అధిక బరువు ఉండి షుగర్ లేనివాళ్లలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయి. అలాగని నిశ్చింతగా మింగేసేవి కావు.

ఎవరు వాడకూడదు?

తమకు గానీ, రక్తసంబంధీకులకు గానీ మెడుల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినవాళ్లు, ఎంఈఎన్-2 అనే వంశపారంపర్య జబ్బు ఉన్నవాళ్లు వాడకూడదు. మామూలు థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లకు ఇది వర్తించదు, ఊరికే కంగారుపడకండి. గర్భిణులు వాడకూడదు. పాంక్రియాస్ వాపు వచ్చినవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్లు ముందే చెప్పాలి. ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకు తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే పరగడుపున ఉన్నా పొట్టలో ఆహారం మిగిలి ఉండొచ్చు.

తిని బలవంతంగా కక్కేసే అలవాటు, రోజుల తరబడి తినకుండా ఉండే అలవాటు ఉన్నవాళ్లకు మానసిక వైద్యుల సాయం ముందు కావాలి. మన ఇళ్లలో దీన్ని జబ్బుగా గుర్తించడం చాలా తక్కువ. పిల్ల సన్నబడుతుంటే మెచ్చుకుంటూ ఉంటారు.

ముఖం పీక్కుపోతుంది, జుట్టు రాలుతుంది అంటున్నారు.

ఏ దారిలో వేగంగా తగ్గినా ముఖంలో కొవ్వు పోతుంది, కొన్ని నెలలు జుట్టు రాలుతుంది. ఎక్కువగా పట్టించుకోవాల్సింది కండ. తగ్గిన బరువులో కొంత కండే పోతుంది. పైగా మనది అన్నం ఎక్కువ, పప్పు పలచన అయిన భోజనం. ఆకలి తగ్గి నాలుగు ముద్దలే తింటున్నప్పుడు ఆ నాలుగూ చారన్నం అయితే నీరసం ఖాయం. ముందు గుడ్డు, చేప, చికెన్, పప్పు, పెరుగు, శనగలు తినండి, ఆ తర్వాత అన్నం. వారానికి రెండు మూడుసార్లు బరువులతో వ్యాయామం చేయండి. అరవై దాటినవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

చిత్రమేమిటంటే, తగ్గమని వెంటపడినవాళ్లే తగ్గాక "కళ పోయింది" అంటారు.

సినిమావాళ్లను చూసి ఇదంతా నేర్చుకున్నామా?

కొంత. మన సినిమాల్లో లావుగా ఉన్న మనిషి చాలాసార్లు నవ్వించడానికే వస్తాడు. కథానాయిక బరువు పెరిగితే వార్త. ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో 31 ఏళ్లకే చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందు కొవ్వు తీసే లైపోసక్షన్ చేయించుకున్నారని అప్పుడు వార్తలొచ్చాయి. మరణానికి ఆ ఆపరేషనే కారణమని నేను చెప్పడం లేదు. అంత ఇష్టంగా తెరమీద చూసిన అమ్మాయి గురించి, ఆ తర్వాత ఏళ్లలో మనం మాట్లాడుకున్నది ఎక్కువగా ఆమె ఒంటి గురించేనని మాత్రం గుర్తుచేస్తున్నాను.

ఖర్చు?

మౌంజారో వచ్చినప్పుడు 2.5 మి.గ్రా. వయల్ 3,500 రూపాయలు, అంటే నెలకు 14,000. వెగోవీ తక్కువ డోసు నెలకు 17,345 రూపాయలతో వచ్చి, 2025 నవంబరులో 10,850కి దిగింది. సెమాగ్లుటైడ్ పేటెంట్ మన దేశంలో 2026 మార్చితో ముగిసింది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్‌తో పాటు చాలా కంపెనీలు దీని జెనరిక్‌ల (అదే మందును వేరే కంపెనీలు తయారుచేసే రకాల) మీద పనిచేశాయి. ధర దిగడం మంచిదే. దిగేకొద్దీ, అవసరం లేనివాళ్ల చేతుల్లోకి కూడా సులువుగా వెళ్తుంది.

జిమ్ ట్రైనర్ తెప్పిస్తానంటున్నాడు. ఇన్‌స్టాలో ప్రకటన కూడా చూశాను.

వద్దు. ఇది డాక్టరు చీటీతో మాత్రమే అమ్మాల్సిన మందు. ఊబకాయం నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి మందులు, మాయ చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం ప్రకారమే నిషిద్ధం. ఆ చట్టం జాబితాలో ఊబకాయం పేరు ఉంది. మందు నింపి ఉండే ఇంజెక్షన్ పెన్‌ను చల్లగా నిలవ చేయాలి, ఎండలో కొరియర్‌లో తిరిగినదాన్ని నమ్మలేం. పెట్టె మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ చూసుకుని, బిల్లుతో కొనండి. అమెరికా నుంచి వచ్చే అన్నయ్యనో వదిననో ఒకటి పట్టుకురమ్మనడం కూడా మంచిది కాదు. డోసు పెంచేటప్పుడు చూసే డాక్టరు మీకు ఉండాలి కదా.

ఆపేస్తే మళ్లీ పెరుగుతామా?

చాలామంది పెరుగుతారు. సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో సుమారు మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని పైన చెప్పిన వెగోవీ పరిశోధన కొనసాగింపులో తేలింది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినట్టే ఇదీ. కాబట్టి మొదలుపెట్టేముందే "ఎన్నాళ్లు, ఎంత ఖర్చు, ఎలా ఆపాలి" అని డాక్టరును అడగండి. ఆరు నెలలకే డబ్బు సరిపోతుందంటే ఆ సంగతి దాచకుండా చెప్పండి, ఇంకేం చేయొచ్చో ఆయనే చెబుతారు.

టెన్షన్‌తో నెలన్నర మానేశాను. పాత డోసే మళ్లీ వేసుకోనా?

వేసుకోకండి. వరుసగా కొన్ని వారాలు ఆగాక పెద్ద డోసుతో మొదలుపెడితే వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయి ఆసుపత్రి పాలవుతారు. డాక్టరుకు ఫోన్ చేసి ఎన్ని డోసులు తప్పాయో చెప్పండి, తక్కువ డోసు నుంచి మళ్లీ మొదలుపెట్టమనవచ్చు. షుగర్ ఉండి ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే ఆ సంగతీ చెప్పాలి, షుగర్ పడిపోవచ్చు. మందు వాడుతుండగా ఎప్పుడైనా పొట్ట పైభాగంలో తీవ్రమైన నొప్పి వచ్చి వీపులోకి పాకుతున్నా, వాంతులు ఆగకపోయినా, గ్యాస్ నొప్పి అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లి, ఏ ఇంజెక్షన్ ఎప్పుడు వేసుకున్నారో మొదటే చెప్పండి.